కప్పు బియ్యం అంటే ఎన్ని గ్రాములు? ఒక్కోచోట ఒక్కోలా రాస్తున్నారు, నీళ్ళ లెక్క కూడా తప్పుతోంది

కొత్తతూకం:

అందరికీ నమస్కారం అండి. ఎప్పుడూ ఇక్కడ చదవడమే తప్ప ఏదీ అడగలేదు, ఈసారి అడక్క తప్పట్లేదు.

ఇన్నేళ్ళూ బియ్యం కప్పుతోనే కొలిచి వండుతున్నా. కప్పు బియ్యానికి రెండు కప్పుల నీళ్ళు, మూత పెట్టి సన్న మంట మీద, అంతే, ఎప్పుడూ బానే వచ్చేది. నెల క్రితం వంటింట్లోకి ఒక చిన్న ఎలక్ట్రానిక్ వెయింగ్ మెషీన్ కొన్నా. ఈ మధ్య చూసే వంటలన్నిటిలో కొలతలు గ్రాముల్లోనే ఇస్తున్నారు కదా, సరే ఇక నుంచి అన్నీ తూచే చేద్దాం అనుకున్నా. మొన్న బియ్యం సరిగ్గా 400 గ్రాములు తూచా, ఒకటికి రెండు కాబట్టి నీళ్ళు కూడా అదే మెషీన్ మీద 800 గ్రాములు తూచి పోసా, అదే గిన్నె, అదే మంట, అదే టైమ్. మూత తీసి చూస్తే పైన మెతుకంతా పలుకు. నోట్లో వేసుకుంటే లోపల తెల్లగా గట్టిగా చుక్క అలాగే ఉంది. అడుగున మాత్రం గిన్నెకి అంటుకోవడం మొదలైంది. మళ్ళీ వేడి నీళ్ళు చిలకరించి మూత పెట్టి ఏదో తినేలా చేసా కానీ మనసులో అదే తొలుస్తోంది, కప్పుతో కొలిస్తే సరిగ్గా వచ్చేది తూకంతో ఇంకా బాగా రావాలి కదా, ఎందుకు చెడింది?

ఇంకోటి, కప్పు బియ్యం ఎన్ని గ్రాములు అని వెతికితే ఒకచోట 185, ఇంకోచోట 200, మరోచోట 195, ఒకాయన అయితే 150 అని ఖచ్చితంగా చెప్తున్నారు. ఇందులో ఏది నిజం? వచ్చే వారం ఇంట్లో ఇరవై మందికి వండాల్సి ఉంది, అంతమందికి ఎప్పుడూ వండలేదు, అందుకే ఇప్పుడే లెక్క సరిచూసుకోవాలని ఉంది. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

ఎసరు_లెక్క:

మీ మెషీన్ తప్పు కాదండి, మీ వంట తప్పు కూడా కాదు. తిరకాసు అంతా ఆ "ఒకటికి రెండు"లో ఉంది. అది కప్పుల లెక్క. దాన్ని అలాగే గ్రాముల్లోకి తెచ్చేస్తే కుదరదు, ఎందుకంటే కప్పు నీళ్ళు, కప్పు బియ్యం ఒకే బరువు ఉండవు.

నీళ్ళ లెక్క సులువు, 1 ఎంఎల్ అంటే 1 గ్రాము, 240 ఎంఎల్ కప్పులో 240 గ్రాములు. అదే కప్పులో బియ్యం పోసి తలకొట్టి తూస్తే దగ్గర దగ్గర 190 గ్రాములే వస్తాయి. బియ్యపు గింజ విడిగా నీళ్ళకన్నా బరువే, అందుకే నీళ్ళలో వేస్తే మునుగుతుంది, కానీ కప్పులో గింజకీ గింజకీ మధ్య ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో గాలి ఉంటుంది, కాబట్టి మొత్తం మీద కప్పు బియ్యం కప్పు నీళ్ళకన్నా తేలిక. ఇది కళ్ళారా చూడాలంటే ఒక పని చేయండి. కప్పు నిండా పొడి బియ్యం తలకొట్టి పెట్టి, పక్కన కొలిచిన నీళ్ళు తీసుకుని ఆ బియ్యం మీదే మెల్లగా పోయండి. బియ్యం నిండుగా ఉన్న కప్పే ఇంకా దాదాపు వంద ఎంఎల్ నీళ్ళు తాగేస్తుంది, అప్పుడు గానీ అంచు దాకా రావు. మొదటిసారి చేసినప్పుడు నేను అలా చూస్తూ ఉండిపోయా, కప్పులో సగానికి కాస్త తక్కువ అంతా గాలేనా అని.

ఇప్పుడు మీ 400 గ్రాములకి రండి. ఆ బియ్యాన్ని కప్పుల్లో కొలిస్తే దాదాపు 500 ఎంఎల్ జాగా పడుతుంది. కప్పుల పద్ధతిలో దానికి రెండింతలు అంటే 1000 ఎంఎల్ నీళ్ళు పోసేవారు. మీరు పోసింది 800. అంటే అలవాటైన లెక్కకి 200 ఎంఎల్ తక్కువ. పలుకు రాక ఏమవుతుంది చెప్పండి.

గుర్తుపెట్టుకోవడానికి తేలికైన దారి ఒకటుంది. కప్పుల్లో ఎన్ని రెట్లు నీళ్ళు పోస్తారో దానికి పావు వంతు కలిపితే తూకంలో ఎన్ని రెట్లో వచ్చేస్తుంది. కప్పుకి రెండు కప్పులు పోసేవాళ్ళు తూకంలో రెండున్నర రెట్లు పోయాలి. కప్పుకి ఒకటిన్నర పోసేవాళ్ళు తూకంలో దాదాపు 1.9 రెట్లు. ఇలాగే బియ్యం వరకూ కూడా, లీటరు డబ్బాలో సుమారు 800 గ్రాములు పడతాయి, కిలో బియ్యానికి లీటరుంపావు జాగా కావాలి. ఇది అన్ని రకాల తెల్ల బియ్యానికీ అటూ ఇటూగా సరిపోతుంది.

ఇక 185, 195, 200 గొడవ. ఈ మూడూ నిజమే. అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళ పోషక విలువల పట్టికలో వండని తెల్ల బియ్యం కప్పుకి, పొడుగు గింజ అయితే 185 గ్రాములు, మధ్యరకం గింజ 195, పొట్టి గింజ 200 అని ఉంటుంది. పొడుగు గింజలు ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడి ఖాళీలు ఎక్కువ వదుల్తాయి, పొట్టిగా గుండ్రంగా ఉన్నవి ఒద్దికగా సర్దుకుంటాయి. అందుకే అదే కప్పులో పొట్టి గింజ బరువు ఎక్కువ తూగుతుంది. ఎవరు ఏ బియ్యం మనసులో పెట్టుకుని రాసారో చెప్పకుండా అంకె ఒక్కటే రాసేస్తారు, చదివేవాళ్ళకి తలనొప్పి.

రోజూ_కుక్కరే:

పైన చెప్పింది బావుంది, ఆ 150 సంగతి మాత్రం మిగిలిపోయింది కాబట్టి నేను చెప్తా, ఎందుకంటే దాని వల్ల నేను దాదాపు రెండు నెలలు ఇబ్బంది పడ్డా.

ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్‌తో పాటు ఒక చిన్న ప్లాస్టిక్ కప్పు ఇస్తారు చూడండి, అది మామూలు కప్పు కాదు. అది 180 ఎంఎల్. జపాన్‌లో బియ్యం కొలవడానికి ఎప్పటి నుంచో వాడే "గో" అనే కొలత అది, అందులో తెల్ల బియ్యం 150 గ్రాములు పడతాయి. 150 అని రాసినాయన ఆ కప్పు లెక్క చెప్పారన్నమాట, అబద్ధం కాదు. కుక్కర్ లోపలి గిన్నె మీద 1, 2, 3, 4 అని గీతలు ఉంటాయే, అవి కూడా ఈ 180 ఎంఎల్ కప్పుకి కట్టిన లెక్కే. మా ఇంట్లో ఆ కప్పు ఎక్కడో పోయింది. ఏముందిలే కప్పు కప్పే కదా అని మామూలు 240 ఎంఎల్ కప్పుతో మూడు కప్పులు బియ్యం పోసి, గిన్నెలో 3 గీత దాకా నీళ్ళు పోసేదాన్ని. రోజూ బిరుసే. బియ్యం మార్చా, నానబెట్టే టైమ్ పెంచా, కుక్కర్ పాడైందేమో అని రిపేర్‌కి కూడా ఇచ్చా, వాళ్ళు అంతా బానే ఉంది అని తిప్పి పంపారు. చివరికి కుక్కర్ పుస్తకం తీసి చదివితే ఒక మూల చిన్న అక్షరాల్లో 180 అని ఉంది. 240 కప్పులు మూడు అంటే 720, అది 180 కప్పులు నాలుగు. అంటే నేను నాలుగు కప్పుల బియ్యం వేసి మూడు కప్పుల గీత దాకా నీళ్ళు పోస్తున్నా రోజూ!

ఆ కప్పు పోగొట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే కంగారు పడక్కర్లేదు, ఒక్కో గీతకి 150 గ్రాముల చొప్పున బియ్యం తూచి వేయండి, గీత దాకా నీళ్ళు పోయండి, సరిపోతుంది. నేను ఇప్పుడు అలాగే చేస్తున్నా.

అసలు కప్పు అనే మాటే ఒక్కో దేశంలో ఒక్కోటి. అమెరికా కప్పు 237 ఎంఎల్‌కి కాస్త తక్కువ, వాళ్ళ ఫుడ్ ప్యాకెట్ల లేబుల్స్ మీద మాత్రం 240 కింద లెక్కేస్తారు. ఆస్ట్రేలియా వాళ్ళది 250. జపాన్‌లో మామూలు వంట కప్పు 200, బియ్యం కప్పు మళ్ళీ వేరే, ఆ 180. టేబుల్ స్పూన్ కూడా అంతే, చాలాచోట్ల 15 ఎంఎల్, ఆస్ట్రేలియాలో 20. కాబట్టి ఏ వంట చూస్తున్నారో అది రాసినవాళ్ళు ఎక్కడివాళ్ళో ముందు చూసుకోవాలి.

గరిటె_చేతిలో:

నాదొక మాట. ముప్పై ఏళ్ళ పైనే వండుతున్నా, బియ్యం ఎప్పుడూ తూచింది లేదు. ఒక స్టీలు గ్లాసు ఉంది, బియ్యం దాంతోనే, నీళ్ళూ దాంతోనే. అది 180 అయినా 240 అయినా నాకెందుకు, రెండూ ఒకే గ్లాసుతో కొలుస్తున్నప్పుడు లెక్క దానికదే సరిపోతుంది కదా. కొత్తగా వంట మొదలుపెట్టేవాళ్ళని గ్రాములు, ఎంఎల్ అని భయపెట్టకండి. తప్పు ఎక్కడ వస్తుందంటే బియ్యం ఒక దాంతో కొలిచి నీళ్ళు ఇంకో దాంతో కొలిచినప్పుడే వస్తుంది. ఈ అమ్మాయికి జరిగింది కూడా అదే, లెక్క కప్పులది, కొలిచింది తూకంతో.

పాత బియ్యం నీళ్ళు ఎక్కువ పీలుస్తాయి, కొత్త బియ్యానికి తక్కువ పోయాలి. కొత్త బియ్యానికి కూడా పాత లెక్కనే పోస్తే ముద్దవుతుంది. అది ఏ మెషీనూ చెప్పదు, ఒకసారి వండి చూసుకోవాల్సిందే.

ఎసరు_లెక్క:

గరిటె గారూ, మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. ఒకే గ్లాసుతో రెండూ కొలిచేవాళ్ళకి తూకం అక్కర్లేదు. పాత బియ్యం, కొత్త బియ్యం మాట కూడా కరెక్ట్, అసలు నేనే రాయాల్సింది.

కానీ తూకం ఎక్కడ పనికొస్తుందంటే, ఒకరి లెక్క ఇంకొకరికి చెప్పాల్సి వచ్చినప్పుడు. మీ గ్లాసు నా దగ్గర లేదు. మీరు రెండు గ్లాసులు అని రాస్తే అది నా ఇంట్లో ఎంతో నాకెలా తెలుస్తుంది? రెండోది, చేతివాటం. ఒకే మనిషి ఒకే కప్పుతో రెండుసార్లు కొలిచినా తేడా వస్తుంది. డబ్బాలో ముంచి తీసినప్పుడు, పైనుంచి మెల్లగా పోసినప్పుడు, కప్పుని గట్టు మీద రెండుసార్లు తట్టినప్పుడు, గోపురంలా వదిలేసినప్పుడు, ప్రతిసారీ బరువు మారుతుంది. తట్టగానే గింజలు కిందికి సర్దుకుని పైన ఖాళీ వస్తుంది, ఆ ఖాళీలో ఇంకో గుప్పెడు పడుతుంది. ఒక కప్పుకి అది చిన్న తేడానే, పది కప్పులు కొలిచేటప్పుడు పది చిన్న తేడాలు కలిసి పెద్దదవుతుంది. ఇరవై మందికి వండేటప్పుడు ఎన్నో కప్పు కొలుస్తున్నామో మర్చిపోవడం ఇంకో తలనొప్పి, మధ్యలో ఎవరో పలకరిస్తారు, అయిపోయింది.

కొత్తతూకం గారూ, నెట్‌లో అంకెలు వెతకడం ఆపేసి మీ కప్పునే మీరు ఒకసారి తూచుకోండి. ఖాళీ కప్పు మెషీన్ మీద పెట్టి టేర్ బటన్ నొక్కి సున్నా చేయండి. అంచు దాకా నీళ్ళు పోసి ఎంత చూపిస్తుందో రాసుకోండి, అదే మీ కప్పు ఎన్ని ఎంఎల్లో. కప్పు బాగా తుడిచి ఆరాక (తడి ఉంటే గింజలు అంటుకుంటాయి) బియ్యం పోసి, తట్టకుండా, చాకు వీపుతో తలకొట్టి తూచండి. ఇలా మూడుసార్లు చేసి మధ్య అంకె తీసుకోండి. ఈ రెండు అంకెలు తెలిస్తే ప్రపంచంలో ఎవరు ఏ కొలతలో చెప్పినా మీ కప్పులోకి మార్చుకోవచ్చు.

మెషీన్ లేనివాళ్ళకి కూడా ఒక దారి ఉంది. కొత్తగా విప్పిన కిలో ప్యాకెట్ మొత్తం మీ గ్లాసుతో కొలిచి ఎన్ని గ్లాసులు వచ్చాయో లెక్కపెట్టండి. 1000ని ఆ అంకెతో భాగిస్తే గ్లాసుకి ఎన్ని గ్రాములో తెలుస్తుంది. అయిదున్నర గ్లాసులు వస్తే గ్లాసుకి 180 చిల్లర. అయిదు కిలోల సంచి అయితే ఇంకా నమ్మకంగా వస్తుంది, ఒక గ్లాసు అటూ ఇటూ అయినా అంత తేడా పడదు.

కొత్తతూకం:

అందరికీ చాలా థాంక్స్ అండి, ముఖ్యంగా ఆ గాలి సంగతి, నిజంగా చేసి చూసా, నీళ్ళు అలా లోపలికి పోతూనే ఉన్నాయి! నా గ్లాసులో నీళ్ళు 230 గ్రాములు. బియ్యం మూడుసార్లు తూస్తే 179, 181, 184. అదే గ్లాసుని గట్టు మీద నాలుగైదు సార్లు తట్టి మళ్ళీ నింపితే 194 వచ్చింది, ఒక్క గ్లాసుకే ఇంత తేడానా అనిపించింది.

రెండు డౌట్లు. ఒకటి, బియ్యం కడిగితే కొన్ని నీళ్ళు అందులోనే ఉండిపోతాయి కదా, నేను అరగంట నానబెడతా కూడా, అప్పుడు పీల్చిన నీళ్ళని లెక్కలో ఎలా తీసేయాలి? రెండోది ఇరవై మందికి ఎన్ని కిలోలు వేయాలి, నీళ్ళు కూడా అదే రెండున్నర రెట్లా?

పెద్దగిన్నె:

ఎక్కువమందికి తరచుగా వండుతూ ఉంటా కాబట్టి రెండూ నేనే చెప్తా.

కడిగిన నీళ్ళ సంగతి చాలా తేలిక, అసలు తూకం వల్ల వచ్చే పెద్ద లాభం నా దృష్టిలో అదే. బియ్యం ఎప్పుడూ పొడిగా ఉన్నప్పుడే తూచాలి, కడిగాక తూస్తే నీళ్ళ బరువు కలిసిపోతుంది. ముందు ఖాళీ గిన్నె బరువు రాసుకోండి. ఉదాహరణకి గిన్నె 640 గ్రాములు, బియ్యం 300, నీళ్ళు రెండున్నర రెట్లు అంటే 750. మొత్తం 1690 అవ్వాలి. ఇప్పుడు ఆ గిన్నెలోనే బియ్యం కడగండి, నానబెట్టండి, నీళ్ళు వంపేయండి, కాస్త మిగిలినా ఫర్వాలేదు. గిన్నె బయట తడి తుడిచి మెషీన్ మీద పెట్టి 1690 చూపించేదాకా నీళ్ళు పోయండి. అంతే. బియ్యం ఎంత పీల్చిందో అడుగున ఎంత మిగిలిందో అన్నీ ఆ మొత్తంలోకి వచ్చేసాయి. కడిగేటప్పుడు గింజలు జారిపోకుండా చూసుకోండి, అది ఒక్కటే. నానబెట్టే అరగంటలో మెషీన్ దానంతట అదే ఆఫ్ అయిపోతుంది, ముందు నొక్కిన టేర్ పోతుంది, అందుకే గిన్నె బరువు కాగితం మీద రాసుకోమంటున్నా.

ఇరవై మంది సంగతి. మనిషికి పచ్చి బియ్యం 75 నుంచి 100 గ్రాములు పెట్టుకుంటారు మామూలుగా, పక్కన వేరే పదార్థాలు ఎక్కువ ఉంటే 75 చాలు, అన్నమే ప్రధానం అయితే 100. నేనైతే 90 వేసుకుంటా, అంటే 1.8 కిలోలు.

నీళ్ళ దగ్గర మాత్రం జాగ్రత్త. ఇక్కడ రెండున్నర రెట్లు పోసారంటే నాలుగున్నర లీటర్లు అవుతుంది, అన్నం ముద్ద ముద్ద అయిపోతుంది. ఎందుకంటే మనం పోసే నీళ్ళు రెండు దారుల్లో పోతాయి. కొన్ని బియ్యం తాగుతుంది, కొన్ని ఆవిరైపోతాయి. బియ్యం తాగేది బియ్యాన్ని బట్టి పెరుగుతుంది, రెండింతల బియ్యం రెండింతలు తాగుతుంది. ఆవిరయ్యేది మాత్రం బియ్యాన్ని బట్టి కాదు, గిన్నె వెడల్పు, మూత బిగువు, మంట, ఎంతసేపు ఉడికింది, వీటిని బట్టి ఉంటుంది. కప్పు బియ్యం వండినా నాలుగు కప్పులు వండినా ఉడికే టైమ్ ఇంచుమించు అంతే కాబట్టి ఆవిరి కూడా ఇంచుమించు అంతే. నా స్టవ్ మీద కప్పు బియ్యానికి రెండు కప్పులు పడితే, అందులో ఒకటిన్నర బియ్యానికి, అర కప్పు ఆవిరికి. అదే నాలుగు కప్పుల బియ్యానికి ఎనిమిది కాదు, ఆరున్నర చాలు. మూత బిగువుగా ఉండే కుక్కర్‌లో ఆవిరి తక్కువ పోతుంది కాబట్టి నీళ్ళు ఇంకా తగ్గుతాయి.

ఈ లెక్కన 1.8 కిలోలు అంటే కొలతలో 2.25 లీటర్లు, దానికి ఒకటిన్నర రెట్లు 3.4 లీటర్లకి కాస్త తక్కువ, పెద్ద గిన్నె కాబట్టి ఆవిరికి ఇంకో పావు లీటరు. నేనైతే 3.6 లీటర్లతో మొదలుపెట్టి, పక్క బర్నర్ మీద అర లీటరు నీళ్ళు మరుగుతూ ఉంచుకుంటా. నీళ్ళు ఇంకిపోయాక ఒక మెతుకు నలిపి చూడండి, పలుకు తగిలితే ఆ వేడి నీళ్ళు చుట్టూ పోసి మూత పెట్టేయండి. తక్కువైతే పోయొచ్చు, ఎక్కువైతే తీయలేం. చల్లటి నీళ్ళు మాత్రం పోయకండి, ఉడుకు ఆగిపోతుంది.

గిన్నె కనీసం తొమ్మిది పది లీటర్లది తీసుకోండి. బియ్యం ఉడికితే జాగా దాదాపు మూడింతలవుతుంది, పైన పొంగడానికి కూడా చోటుండాలి. అంత పెద్దది లేకపోతే రెండు గిన్నెల్లో సగం సగం వండుకోండి, కాకపోతే అప్పుడు ఆవిరి లెక్క రెండుసార్లు వేసుకోవాలి. ఇంకోటి, మీ మెషీన్ ఎంత బరువు దాకా ఆపుతుందో చూసుకోండి, చాలావాటికి అయిదు కిలోలే. గిన్నెతో కలిపి ఒకేసారి పెట్టేస్తే తూగదు, బియ్యం రెండు వాయిల్లో తూచుకోండి, నీళ్ళు లీటరు సీసాతో కొలిచి పోయండి, కడిగాక నీళ్ళు జల్లెడలో బాగా వంపేయండి.

కొలిచి_తింటా:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నాది కూడా బియ్యం తూకం డౌటే. క్యాలరీలు లెక్క పెట్టుకుంటున్నా. యాప్‌లో అన్నం 100 గ్రాములకి 130 అని ఉంది, బియ్యం 100 గ్రాములకి 365 అని ఉంది. ఇంట్లో నలుగురికి కలిపి వండుతాం, నా ప్లేట్‌లోకి వచ్చింది ఎంత బియ్యమో ఎలా తెలుసుకోవాలి?

ఎసరు_లెక్క:

రెండు అంకెలూ ఒకటే చెప్తున్నాయండి. అదనంగా వచ్చిన బరువంతా నీళ్ళే, నీళ్ళకి క్యాలరీలు లేవు. వండిన గిన్నె మొత్తం తూచి ఖాళీ గిన్నె బరువు తీసేయండి. 300 గ్రాముల బియ్యం 840 గ్రాముల అన్నం అయిందనుకుందాం, అంటే 2.8 రెట్లు. మీ ప్లేట్‌లో 210 గ్రాములు పెట్టుకుంటే 210ని 2.8తో భాగించండి, 75 గ్రాముల బియ్యం. 75కి పచ్చి బియ్యం లెక్కన 274, 210కి అన్నం లెక్కన 273, దాదాపు ఒకటే. నీళ్ళు ఎక్కువ పోసి మెత్తగా వండుకున్న రోజు మాత్రం యాప్‌లో అన్నం అంకె వాడితే ఎక్కువ తిన్నట్టు చూపిస్తుంది, అప్పుడు పచ్చి బియ్యం లెక్కే నమ్మకం. మామూలుగా రెండున్నర నుంచి మూడు రెట్ల మధ్య ఉంటుంది.

అన్నాన్ని కప్పుతో మాత్రం కొలవకండి. పైన చెప్పిన పట్టికలోనే కప్పు అన్నం, పొడుగు గింజది 158 గ్రాములు, పొట్టి గింజది 186. పొడిపొడిగా ఉన్న అన్నం కప్పులో వదులుగా కూర్చుంటుంది, ముద్దగా ఉన్నది అదిమినట్టు కూర్చుంటుంది. గరిటెతో కాస్త నొక్కారంటే ఇంకా ఎక్కువ పడుతుంది.

రోజూ_కుక్కరే:

బియ్యప్పిండి సంగతి కూడా ఎవరైనా అడిగేలోపే చెప్పేస్తా, దానికి పైన చెప్పిన 185 వాడకండి. అదే పట్టికలో తెల్ల బియ్యప్పిండి కప్పుకి 158 గ్రాములు. జల్లించి వదులుగా పోస్తే అంతకన్నా తక్కువ కూడా రావచ్చు, డబ్బాలో అదిమి తీస్తే ఎక్కువ. పిండి మాత్రం తూచే తీసుకోండి, కప్పు నమ్మొద్దు.

కొత్తతూకం:

మీరు చెప్పినట్టు చేసి చూసి మళ్ళీ వచ్చి రాస్తున్నా.

ముందు ఇంట్లో మామూలు వంటకి 300 గ్రాములు తీసుకుని రెండున్నర రెట్లు పోసా, పెద్దగిన్నె గారు చెప్పినట్టు గిన్నె బరువుతో కలిపి. పలుకు అస్సలు లేదు, కాకపోతే రవ్వంత మెత్తగా అనిపించింది. మర్నాడు 2.4 రెట్లు అంటే 720 పోసా, అది సరిగ్గా నాకు కావాల్సినట్టు వచ్చింది, మెతుకు మెతుకు విడిగా ఉంది, వేళ్ళ మధ్య నలిపితే నలిగిపోతోంది.

నిన్న ఇరవై మంది వంట అయింది. 1.8 కిలోలు, 3.6 లీటర్లు. నీళ్ళు ఇంకాక చూస్తే మధ్యలో బాగా ఉడికింది, అంచుల వెంబడి మాత్రం ఇంకాస్త పలుకు ఉంది, బహుశా గిన్నె నా బర్నర్‌కన్నా బాగా వెడల్పు అవ్వడం వల్ల అయ్యుంటుంది. పక్కన మరుగుతున్న నీళ్ళలోంచి ఒక గ్లాసు అంచుల చుట్టూ పోసి మూత పెట్టి, పది నిమిషాలు సన్న మంట, పది నిమిషాలు మంట ఆపేసి అలాగే వదిలేసా. మూత తీసాక గరిటె పెట్టి అడుగు నుంచి కదిపితే ఎక్కడా అంటుకోలేదు. అందరికీ సరిపోయింది, చివర్లో ఒక చిన్న గిన్నెడు మిగిలింది. నాలుగున్నర లీటర్లు పోసేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయం వేస్తోంది, మీరందరూ చెప్పకపోతే అదే పోసేదాన్ని.

బియ్యం డబ్బా మూత లోపల ఒక కాగితం అతికించా, గ్లాసు 230 నీళ్ళు, 181 బియ్యం, నీళ్ళు 2.4 అని.

గరిటె_చేతిలో:

చాలా సంతోషం అమ్మా. ఆ కాగితం మీద ఏ బియ్యమో కూడా రాసిపెట్టు, సంచి మారినప్పుడు మళ్ళీ ఒకసారి చూసుకోవాలి.